చదువు ముగించుకుని వచ్చాక సొంతింట్లోనే చుట్టంలా ఎందుకుంటుంది?

మీరు ఇంగ్లండులో మాస్టర్స్ చేసి విజయనగరం వచ్చి మూడు నెలలైందన్నారు. ఇంట్లో ఏ పనీ చెప్పడం లేదు, ఏ విషయమూ అడగడం లేదు, దుమ్మూ హారన్లూ చుట్టాల ప్రశ్నలూ అన్నీ చికాకే, ఎన్నాళ్ళకి సర్దుకుంటుందని అడిగారు.

నాది మీ పక్క జిల్లాయే. శ్రీకాకుళం ఉద్దానంలో, కవిటి దగ్గర ఊరు. 2021లో జర్మనీ వెళ్ళి 2024 మార్చిలో వచ్చేశాను. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోడానికి అక్కడ 18 నెలలు ఉండనిస్తారు. నేను ఐదో నెలకే చేతులెత్తేశాను. ఊరి మీద ప్రేమతో వచ్చేసిందని మా బంధువులు అంటుంటారు గానీ, మీరు నమ్మకండి.

దుమ్మూ హారన్లకి నాకు నెలన్నర పట్టింది. కొన్ని అలవాట్లు ఇంకాస్త ఎక్కువ రోజులున్నాయి. జర్మనీలో ప్లాస్టిక్ సీసా కొంటే 25 సెంట్లు డిపాజిట్ కట్టాలి. ఖాళీ సీసా షాపులో మెషీన్లో వేస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది. ఇక్కడికొచ్చాక కూడా కూల్‌డ్రింకు సీసాలు కడిగి, మూతలు పెట్టి, అటక మీద వరసగా పేర్చేదాన్ని. ఎవరికిద్దామనో నాకే తెలీదు. ఒకరోజు మామ్మ వాటన్నిటినీ దింపించి, ఒకదాంట్లో చోళ్ళు, ఇంకోదాంట్లో ఉలవలు పోసేసుకుంది. మిగతావి పక్కింటికి పంచేసింది. నాకు కోపం రావాలో నవ్వు రావాలో అర్థం కాలేదు.

మా వైపు ఇంకో చిక్కుంది. ఊళ్ళో సగం మంది హైదరాబాదులోనో, గల్ఫులోనో, మిలటరీలోనో ఉంటారు. వచ్చినవాళ్ళందరికీ తిరుగు టికెట్టు ఉంటుంది. కొట్టు దగ్గర, బస్టాపులో, ఆఖరికి అరసవల్లి క్యూలో కూడా ఒకటే మాట: "ఏటమ్మా, వచ్చీసినావా? ఎన్నాళ్ళు లీవు?" ఉండిపోడానికే వచ్చానంటే, వీసా రద్దయిందా అన్నట్టు చూసేవారు. నాకు ఉక్రోషం వచ్చేది. ఆ తర్వాత పెళ్ళి సంబంధాల మాట ఎలాగూ ఉంటుంది, అది మీకు చెప్పక్కర్లేదు.

ఇవన్నీ పైపైవి. అసలు సంగతి నాకు రెండో నెలలో తెలిసింది.

డిగ్రీ కాగితాలు బీరువాలో పెడదామని తాళం తీశాను. అమ్మ పట్టుచీరల కింద ల్యాబ్ రిపోర్టుల కట్ట ఒకటి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. పేరు నాన్నది. మొదటి కాగితం మీద 2022 జనవరి. క్రియాటినిన్, అంటే పెరిగేకొద్దీ కిడ్నీలు దెబ్బతింటున్నట్టు చెప్పే అంకె, 1.6. తర్వాతది 1.9. ఆఖరిది, నేను రావడానికి ఇరవై రోజుల ముందుది, 2.1. ఉద్దానంలో చిన్నపిల్లాడికి కూడా ఆ మాట తెలుసు. ఏళ్ళ తరబడి మా ఊళ్ళలో జనం కిడ్నీలు పాడై చనిపోతున్నారు, ఎందుకో ఇప్పటికీ తేల్చి చెప్పలేకపోతున్నారు. రెండేళ్ళు ప్రతి ఆదివారం వీడియో కాల్లో నాన్నని చూశాను. అమ్మ ఫోను ఎప్పుడూ ఆయన మొహం దాకానే పట్టుకునేది. వాచిన కాళ్ళు నాకెప్పుడూ కనపడలేదు.

"నీకు పరీక్షలన్నావు కదే, ఎలాగ చెప్తాం?" అంది అమ్మ.

రెండు వారాలు ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. నన్ను పరాయిదాన్ని చేశారని ఏడ్చాను. ఏ పనీ చెప్పకపోవడం, ఏదీ అడగకపోవడం అప్పుడర్థమైంది. నేను లేకుండా ఇల్లు నడపడం వాళ్ళు నేర్చేసుకున్నారు. ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళాలి, మందులు ఎవరు తేవాలి, 2018 తిత్లీ తుపానుకి పడిపోయిన కొబ్బరిచెట్ల చోట ఏం నాటాలి, అన్నిటికీ మనుషులు కుదిరిపోయారు. నా పని బాబాయి కొడుకు చేస్తున్నాడు. మళ్ళీ నా చోటు నాకు ఇమ్మంటే వాడేం చేస్తాడు?

తర్వాత నేను దాచిన కట్టా గుర్తొచ్చింది. నేను మాత్రం ఏం చెప్పాను వీళ్ళకి? ఒక సబ్జెక్టు రెండుసార్లు తప్పాను. అక్కడ చాలా యూనివర్సిటీల్లో మూడోసారీ తప్పితే ఆ కోర్సు నుంచి పంపించేస్తారు. ఆ సెమిస్టరంతా ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా "బాగానే ఉంది" అన్నాను. పార్ట్‌టైం లైబ్రరీలో అని చెప్పాను, చేసింది పార్సిళ్ళ గోదాములో. అప్పట్లో విదేశీ విద్యార్థులు ఏడాదికి 120 రోజులే పని చెయ్యాలి. వాటిలో చాలా రోజులు రాత్రి షిఫ్టులే, చలికాలం షట్టరు తెరిచి ఉండేది, వేళ్ళు పగిలిపోయేవి.

ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు వాకిట్లో కూచుని ఇదంతా చెప్పేశాను. అమ్మ నా చేతులు లాక్కుని సెల్‌ఫోను లైటు వేసి చూసింది, ఇంకా పగుళ్ళు ఉన్నాయన్నట్టు. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "గంటకి ఎంతిచ్చేవారు?" అన్నాడు. పన్నెండు యూరోలన్నాను. మనసులో లెక్కేసుకుని, "వెయ్యి దాటిపోద్ది. అంతిచ్చి కూడా షట్టరు మూసుకోలేరా?" అన్నాడు. మామ్మ ఒక్కతే నవ్వింది.

ఆ మర్నాడు పలాస వెళ్ళాలని నాన్నే నన్ను లేపాడు. అక్కడ 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. అప్పట్నుంచి తీసుకెళ్ళడం నా పని. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక నోటుబుక్కులో రాస్తున్నాను. మోకాళ్ళకని దుకాణంలో కొని మింగే నొప్పి మాత్రలు ఆపించాను, అవి కిడ్నీలకి మంచివి కావని డాక్టరు గట్టిగా చెప్పారు. ఈ విషయంలో నాన్నతో ఎప్పుడూ గొడవే. చుట్టాలతో ఎవరూ ఇలా గొడవ పడరు.

కాబట్టి మీకు నేను చెప్పేది ఒకటే. మీరు లేనప్పుడు ఇంట్లో ఏం జరిగిందో అడగండి. "అంతా బాగానే ఉంది" అంటే వదలకండి, ఒక్కొక్కరినీ విడిగా అడగండి, మామ్మల్ని ముందు అడగండి, వాళ్ళకి దాచడం రాదు. మీరు దాచినవీ చెప్పండి. అందరికీ ఇది కుదరదని తెలుసు. దాచింది చెప్తే ఇల్లు తగలబడే సంగతులూ ఉంటాయి. అలాంటిదైతే మీ ఇష్టం.

ఇంకో చిన్న విషయం, ఆలస్యం కాకపోతే. మీ పాత సిమ్ పని చేస్తోందో లేదో చూసుకోండి. 90 రోజులు వాడకపోతే నంబరు తీసేసి, కొన్నాళ్ళకి వేరేవాళ్ళకి ఇచ్చేయొచ్చు. నాది పోయింది. బ్యాంకు ఓటీపీలన్నీ ఎవరో తెలియని మనిషికి వెళ్ళేవి, ఆధార్‌లో నంబరు మార్చుకుని బ్యాంకు చుట్టూ తిరిగేసరికి నెల పట్టింది. లోను తీసుకుని ఉంటే కూడా కాగితాలు తీసి చూడండి. నాకు కోర్సు అయ్యాక ఏడాది వరకూ ఈఎంఐ లేదు గానీ, వడ్డీ మాత్రం చదువుకున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంది.

ఎన్నాళ్ళకి అన్నారు కదా, నాకు ఎనిమిది నెలలు. ఇప్పుడు విశాఖలో ఉద్యోగం, శుక్రవారం రాత్రికి ఇంటికి వచ్చేస్తాను. వీధి చివర కొట్టు ఆవిడ ఇప్పటికీ "ఎన్నాళ్ళు లీవమ్మా?" అంటుంది. సోమవారం తెల్లారగట్ల రైలుకి వెళ్తానంటే, ఉల్లిపాయలు తూస్తూ తలూపుతుంది.