వృద్ధి రేటు పెరిగితే పేదరికం దానంతటదే తగ్గుతుందా?

దేశ స్థూల ఉత్పత్తి ఏటా ఆరేడు శాతం పెరుగుతూ ఉంటే పేదరికం దానంతటదే తగ్గిపోదా, అసమానతల గురించి వేరే ఆందోళన ఎందుకు అని మీరు అడిగారు. కుటుంబాల వినియోగ వ్యయ సర్వేల్లో చాలాకాలం ఎన్యుమరేటర్‌గా, అంటే ఇంటింటికీ వెళ్లి వివరాలు నమోదు చేసే మనిషిగా పనిచేసిన అనుభవంతో సమాధానం చెబుతున్నాను. వృద్ధి లేకుండా పేదరికం పెద్దఎత్తున తగ్గి, ఆ తగ్గుదల నిలిచిన దేశం నాకు తెలిసి లేదు. అయితే వృద్ధి ఎంత వచ్చిందనే దానితో పాటు, అది ఏ రంగంలో వచ్చింది, అది మొదలయ్యే నాటికి భూమి, చదువు ఎవరి చేతుల్లో ఉన్నాయి అన్నది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

చైనాలో 1978 తరువాతి నాలుగు దశాబ్దాల్లో దాదాపు 80 కోట్ల మంది తీవ్ర పేదరికం నుంచి బయటపడ్డారని ప్రపంచ బ్యాంకు లెక్క. అక్కడ పేదరికం అతివేగంగా తగ్గిన దశల్లో 1980ల తొలి సంవత్సరాలు ఒకటి. ఎగుమతుల కోసం నడిచే ఫ్యాక్టరీలు అప్పటికింకా విస్తరించలేదు. ఉమ్మడి క్షేత్రాల భూమిని కుటుంబాలకు దాదాపు సమానంగా సాగుకు అప్పగించి, పంటకు ప్రభుత్వం చెల్లించే ధరను పెంచడంతో, పేదలు ఎక్కువగా ఉన్న పల్లెల్లోనే ఆదాయం పెరిగింది. దక్షిణ కొరియా, తైవాన్ కూడా భూసంస్కరణల తరువాతే పారిశ్రామికంగా ఎదిగాయి. ఈక్వటోరియల్ గినియాలో మాత్రం 1990ల మధ్య నుంచి చమురు రాబడితో తలసరి ఆదాయం ఆఫ్రికాలో అగ్రశ్రేణికి చేరినా, సామాన్యుల బతుకులు ఆ మేరకు మారలేదు. సముద్రం నుంచి చమురు తీయడానికి ఎక్కువమంది కూలీలు అక్కర్లేదు. కాబట్టి ఆ డబ్బు ప్రభుత్వం ద్వారానే ప్రజలకు చేరాలి, అది సరిగా చేరలేదు.

ఇక సర్వేలో నేను చూసినది చెబుతాను. తీవ్ర పేదరికానికి ప్రపంచ బ్యాంకు వాడే గీత 2025లో రోజుకు 2.15 డాలర్ల నుంచి 3 డాలర్లకు మారింది. గీత ఎక్కడ గీసినా, దానికి కాస్త పైన ఉండే కుటుంబాలు కాగితం మీద పేదలు కారు. అటువంటి ఒక ఇంట్లో సంపాదించే మనిషి మంచాన పడితే, పశువులను అమ్మి, అప్పు చేసి వైద్యం చేయించారు, పెద్దపిల్ల చదువు మానేసింది. ఆ వైద్యం బిల్లులను ఖర్చుల పట్టికలో నా చేతులతోనే రాశాను. ఈ సర్వేల్లో కుటుంబ స్థితిని ఖర్చును బట్టే అంచనా వేస్తారు కాబట్టి, వాటిని మొత్తం వినియోగంలో కలిపితే ఆ కుటుంబం చితికిపోయిన ఏడాదే మెరుగుపడినట్టు లెక్క తేలుతుంది. చాలామంది నిపుణులు అటువంటి పెద్ద వైద్య ఖర్చులను మినహాయించి లెక్కించడానికి కారణం ఇదే. మరోవైపు, బాగా సంపన్నుల ఇళ్ల దగ్గర మేము గేటు దాటి లోపలికి వెళ్లగలిగిన సందర్భాలు చాలా తక్కువ. వాళ్ల ఖర్చు నమోదు కాకపోతే అసమానత ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.

అసమానతను కొలిచే జినీ సూచిక కూడా సాపేక్షమైనదే, అంటే అది ఆదాయాల నిష్పత్తినే చూస్తుంది, వాటి మధ్య డబ్బు తేడాను కాదు. వంద సంపాదించేవారికి, పదివేలు సంపాదించేవారికి ఆదాయం ఒకేలా 5 శాతం పెరిగితే ఒకరికి 5, మరొకరికి 500 అదనంగా వస్తాయి. జినీ మాత్రం కదలదు. ఇంటి స్థలం కోసం, మంచి బడిలో సీటు కోసం ఆ ఇద్దరూ పోటీ పడినప్పుడు ఆ 495 తేడా పేదవారిని పక్కకు నెట్టేస్తుంది. నేను అసమానతను పేదరికంతో కలిపే చూడాలనడం ఇందుకే.

దీన్ని తగ్గించడం అసాధ్యమేమీ కాదు. బ్రెజిల్ 2000 తరువాతి దశాబ్దంలో కనీస వేతనాన్ని ధరలకన్నా వేగంగా పెంచి, 2003లో బోల్సా ఫమీలియా పేరుతో పిల్లలను బడికి పంపాలన్న షరతుతో పేద కుటుంబాలకు నగదు ఇచ్చి, పేదరికాన్నీ అసమానతనూ కలిపి తగ్గించింది. అందువల్ల ఒక దేశం ఎదుగుతోందని విన్నప్పుడు నేను ముందుగా చూసేది నైపుణ్యం లేని కూలీల వేతనం ధరలకు మించి పెరిగిందా లేదా అన్నది, ఆ తరువాతే వృద్ధి రేటు.