ముందు ఏ తరగతి పిల్లలో తేల్చుకో

చిరంజీవి శిరీషకు,

ఆశీస్సులు. ఇంటర్ బైపీసీ అయింది, టీచర్ కావాలనుంది, ఇంటర్ తర్వాత చేసే టీచర్ శిక్షణ డిప్లొమా డీఎడ్‌లో చేరాలా, డిగ్రీ చేసి బీఎడ్‌కు వెళ్లాలా అని అడిగావు. కాలేజీ సంగతి తర్వాత. ఏ తరగతి పిల్లలకు చెప్పాలనుందో ముందు తేల్చుకో. ఒకటి నుంచి ఐదు వరకు చెప్పే ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్) కావాలంటే డీఎడ్ దారి పట్టు, బీఎడ్ చాలదు. బీఎడ్ వాళ్లూ ఎస్జీటీకి అర్హులేనని 2018లో టీచర్ శిక్షణను చూసే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ ఇచ్చిన నోటిఫికేషన్ చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది. ‘బీఎడ్ చేస్తే రెండింటికీ పనికొస్తుంది’ అనేవాళ్లు ఇంకా ఉన్నారు, నమ్మకు.

మన తెలంగాణలో డీఎడ్‌కు డీఈఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్‌లో 50 శాతం కావాలి, మన బీసీలకు 45 చాలు. కోర్సు రెండేళ్లు. ఆప్షన్లలో డైట్‌ను, అంటే ప్రభుత్వ డీఎడ్ కాలేజీని, పైన పెట్టుకో. అక్కడ ఫీజు నామమాత్రమే. పై తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్ కావాలంటే మూడేళ్ల డిగ్రీ, ఆపైన ఎడ్‌సెట్ రాసి రెండేళ్ల బీఎడ్, అంటే మొత్తం ఐదేళ్లు. డిగ్రీలో ఏ సబ్జెక్టులు తీసుకుంటావో దాన్నిబట్టే బీఎడ్‌లో మెథడాలజీ, అంటే నువ్వు బోధించే సబ్జెక్టు, వస్తుంది, బయాలజీ టీచర్ కావాలంటే బోటనీ, జువాలజీ వదలకు. ఇంటర్ తర్వాత నాలుగేళ్లలోనే డిగ్రీ, బీఎడ్ రెండూ పూర్తయ్యే ఐటీఈపీ అనే కోర్సు కూడా ఉంది. దానికి కేంద్ర పరీక్షల సంస్థ ఎన్‌టీఏ పెట్టే ఎన్‌సెట్ రాయాలి. మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థలో ఆ కోర్సు ఉంది, అది మన రాష్ట్రాన్ని కూడా చూసేదే. ఇల్లు వదిలి వెళ్లగలిగితే దాన్ని తీసిపారేయకు.

పోస్టుల లెక్క కూడా చూడు. ప్రభుత్వ బడుల టీచర్లను ఎంపిక చేసే డీఎస్సీలో 2024లో 11,062 పోస్టులుంటే ఎస్జీటీలు 6,508, స్కూల్ అసిస్టెంట్లు 2,629. స్కూల్ అసిస్టెంట్ ఖాళీల్లో 70 శాతం ప్రమోషన్లకే పోతాయి, నేరుగా తీసుకునేది 30 శాతమే. అందుకే చేతిలో డబ్బు తక్కువున్న ఇంటికి డీఎడ్ దారే మంచిదని నా అభిప్రాయం. ఎస్జీటీగా చేరాక డిగ్రీ దూరవిద్యలో కట్టొచ్చు. బీఎడ్‌ను దూరవిద్యలో చేసే వీలు, శిక్షణ పొంది ఉద్యోగంలో ఉన్న ప్రాథమిక టీచర్లకు ఉంది. ఆ రెండూ లేనిదే స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్‌కు అర్హత రాదు.

ఇక డబ్బు. బీసీలకు పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటకపోతే ప్రభుత్వ ఈపాస్ వెబ్‌సైట్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ ఉపకార వేతనానికీ దరఖాస్తు చేయొచ్చు. కన్వీనర్ కోటాలో, అంటే ప్రవేశ పరీక్ష ర్యాంకుతో, సీటు వస్తేనే ఇది. యాజమాన్య కోటాలో చేరితే రీయింబర్స్‌మెంట్ మీద ఆశ వదులుకో. హాజరు 75 శాతం ఉండాలి. ఫీజు సొమ్ము కాలేజీ ఖాతాకు, ఉపకార వేతనం నీ ఖాతాకు వస్తాయి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు లేకపోయినా, ఆధార్‌లో పేరు పదో తరగతి మెమోతో కలవకపోయినా దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఆ తేడాలు అడ్మిషన్‌కు ముందే సరిచేయించు. రీయింబర్స్‌మెంట్ చాలాసార్లు ఆలస్యంగా విడుదలవుతుంది. కోర్సు అయిపోయాక ‘ముందు ఫీజు కట్టు, తర్వాత సర్టిఫికెట్లు’ అనే కాలేజీలకు కొదవ లేదు. చేరేముందే ఈ మాట నిలదీసి అడుగు, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకో. బీసీ కాలేజీ హాస్టల్‌లో సీటు దొరికితే తిండి, గది ఖర్చు చాలావరకు తప్పుతుంది.

అప్పు జోలికి వెళ్లాల్సి వస్తే, బ్యాంకు విద్యా రుణం ఏడున్నర లక్షల లోపు అయితే తాకట్టు అడగరు. కోర్సు ముగిశాక ఏడాది గడిస్తే వాయిదాలు మొదలవుతాయి. చిక్కంతా ఇక్కడే. 2017 నోటిఫికేషన్ పరీక్షలయ్యాక మళ్లీ డీఎస్సీ పరీక్ష జరిగింది 2024లోనే. వాయిదాలు డీఎస్సీ కోసం ఆగవు కదా. కాబట్టి యాజమాన్య సీటు కోసం రుణం తీయొద్దు.

‘రానక్కర్లేదు, పరీక్షలు రాస్తే చాలు’ అనే కాలేజీ జోలికి అసలు పోకు. బీఎడ్‌లో 20 వారాలు బడుల్లో శిక్షణ ఉంటుంది. నలభై మంది పిల్లల ముందు నిలబడడం నేర్చుకునేది అప్పుడే. చేరే కాలేజీకి ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందో లేదో కూడా చూడు.

టెట్‌ను, అంటే టీచర్ అర్హత పరీక్షను, పాసైతే చాలనుకుని వదిలేయకు. 150 మార్కుల్లో బీసీలకు 75 వస్తే పాస్. కానీ డీఎస్సీలో టెట్‌కు 20 మార్కుల వెయిటేజీ ఉంది. 75 వస్తే అందులో 10, 120 వస్తే 16. తేడా ఆరు మార్కులు. ఎస్జీటీ పరీక్షలో 160 ప్రశ్నలకు 80 మార్కులు, ప్రశ్నకు అర మార్కు. అంటే టెట్‌లో బద్ధకిస్తే పన్నెండు ప్రశ్నలు చేజార్చుకున్నట్టే. టెట్ ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. మార్కులు తక్కువొస్తే మళ్లీ రాసి పెంచుకో.

ఇంకొకటి. డీఎస్సీ పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. నువ్వు స్థానికురాలివని చూపడానికి ఒకటో తరగతి నుంచి ఏడు దాకా చదివిన ప్రతి బడి నుంచీ బోనఫైడ్ సర్టిఫికెట్లు ఈ సెలవుల్లోనే తెచ్చుకో. మూతపడిన బడి అయితే రికార్డులు ఎక్కడున్నాయో మండల విద్యాధికారి ఆఫీసులో అడుగు. ఆదాయ, కుల ధ్రువపత్రాలకు రేపే మీసేవలో అర్జీ పెట్టు.

మీ పెదనాన్న