వ్యాన్ డ్రైవర్ గురించి మీ పాప చెప్పిన మాట

రెండో తరగతి పాప "వ్యాన్ అంకుల్ ఒళ్లో కూర్చోమంటాడు, నాకు ఇష్టం లేదు" అందని రాశారు. గొడవెందుకు, వ్యాన్ మార్పించేస్తే సరిపోదా అని అడిగారు కదండీ. సరిపోదు. మీ పాప మానేస్తే ఆ వ్యాన్‌లో మిగతా పిల్లలు ఉంటారు.

రేపటి నుంచి ఎలాగూ ఆ వ్యాన్ ఎక్కించకండి. పాపని గుచ్చి గుచ్చి అడగొద్దు. "నాకు చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేం లేదు" అనండి చాలు. తను అన్న మాటలు అన్నట్టే, తేదీ వేసి రాసిపెట్టుకోండి. డ్రైవర్‌ని మీరే నిలదీయడానికి వెళ్లొద్దు. పాప నాన్నగారిని కూడా ఆపండి, కోపంలో ఒక దెబ్బ వేస్తే కేసు ఆయన మీదకే తిరుగుతుంది.

1098కి ఫోన్ చేయండి. చైల్డ్ హెల్ప్‌లైన్ అది, డబ్బులు పడవు, రాత్రైనా చేయొచ్చు. స్కూలుకి కాగితం మీద రాసివ్వండి. ప్రిన్సిపాల్ "మనలో మనం చూసుకుందాం" అంటే ఒప్పుకోకండి. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం ప్రకారం ఇలాంటిది తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే నేరం.

స్టేషన్ చుట్టూ తిరగాలేమోనని టెన్షన్ పడుతున్నారు కదా. పాపని స్టేషన్‌కి తీసుకెళ్లక్కర్లేదు. పోలీసులే యూనిఫాం లేకుండా ఇంటికొచ్చి, మీ ఎదురుగా మాట్లాడాలి, వీలైనంతవరకు మహిళా ఎస్సై రావాలి. పాప పేరు, స్కూలు పేరు మీడియాలో రాకూడదని కూడా ఆ చట్టంలోనే ఉంది.