నడి హాల్లో పగటి వెలుగు

ప్రశ్న: రెండు పక్కలా ఇళ్లు ఆనుకుని ఉండటంతో మా నడి హాల్లో పగలే లైటు వేసుకుంటున్నాం. స్లాబు కొట్టి పైన అద్దం పరుద్దామంటున్నాడు మేస్త్రి. వేయించమంటారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అద్దం పడుకోబెట్టి మాత్రం వేయించకండమ్మా. మే నెల ఎండ నడినెత్తి నుంచి దిగితే ఆ హాల్లో కూర్చోలేరు. స్లాబులో కొట్టిన కంత చుట్టూ మూడడుగుల గోడ లేపి, పైన కప్పు వేసి, ఉత్తరం వైపు నిలువుగా అద్దం పెట్టించండి. ఉత్తరపు వెలుగు మెత్తగా, పొద్దంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. మే రెండో వారం నుంచి జూలై చివరిదాకా హైదరాబాద్‌లో మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు కాబట్టి ఒకటిన్నర అడుగు సన్‌షేడ్ తప్పనిసరి.

అసలు సంగతి, అద్దానికి ఎదురుగా ఉండే దక్షిణపు గోడ. దానికి మెరుపులేని తెల్లరంగు వేసి, అల్మరా, టీవీ లేకుండా ఖాళీగా వదిలేయండి. అమెరికాలోని ఫోర్ట్‌వర్త్‌లో ఆర్కిటెక్ట్ లూయీ కాన్ కట్టిన కింబెల్ మ్యూజియంలో (1972) కప్పు చీలికలోంచి దిగే ఎండని అల్యూమినియం రేకులు తిరిగి కాంక్రీటు కప్పు మీదికే మళ్లిస్తాయి. గదంతటికీ ఆ కప్పే వెలుగిస్తుంది. మీ ఇంట్లో ఆ పని గోడ చేస్తుంది. హాలు పెద్దదైనట్టూ అనిపిస్తుంది.

స్లాబు కొట్టే ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించండి. బీము జోలికి వెళ్లనివ్వకండి.