తమ్మీ, నీ వ్యాసం చదివిన

తమ్మీ,

వ్యక్తి స్వేచ్ఛ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివిన, ఒకసారి రాత్రి ఫోన్ల, ఇంకోసారి పొద్దుగాల చాయ్ తాగుకుంట. భాష మంచిగుంది, కోపం కూడా ఉంది, కానీ అన్ని పేజీలల్ల ఒక్క మనిషి కనపడలే. ‘వ్యక్తి స్వేచ్ఛ’ అని పదకొండుసార్లు రాసినవ్ (లెక్కపెట్టిన, ఏమనుకోకు), ఆ వ్యక్తి ఏ ఊరోడో, ఆయన తలుపు ఎవరు కొట్టిర్రో రాయలే.

లిబర్టేరియన్, అంటే మనిషి స్వేచ్ఛల సర్కారు తక్కువ జోక్యం చేసుకోవాలె అనేటోడు, అనంగనే అన్నీ అమెరికోళ్ల పేర్లేనా? వాళ్ల ‘డ్యూ ప్రాసెస్’ (న్యాయమైన పద్ధతి లేకుంట మనిషి స్వేచ్ఛ గుంజుకోవద్దు అనుడు) అనే మాటనే మనోళ్లు రాజ్యాంగంల కావాలని పెట్టలే, ‘చట్టం చెప్పిన పద్ధతి’ అని పెట్టిర్రు, ఆ పద్ధతి న్యాయంగ కూడా ఉండాలె అని సుప్రీంకోర్టు గట్టిగ అనేటాళ్లకు 1978 అయింది, మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసుల. అందుకే అక్కడి మాట తెచ్చి ఇక్కడ అతికిస్తే అతకది.

మన తెలుగాయన, సుప్రీంకోర్టు జడ్జి కోకా సుబ్బారావు ఉండె గదా. 1962ల ఖరక్ సింగ్ కేసు తీసి చదువు. యూపీల ఆ ఖరక్ సింగ్ మీద 1941ల దోపిడీ కేసు పెట్టిర్రు, సాక్ష్యం లేక ఇడిసిపెట్టిర్రు, అయినా పోలీసోళ్లు హిస్టరీ షీట్ తెరిచి రాత్రిపూట ఇంటికొచ్చుడు, తలుపు కొట్టుడు, ఒర్రుడు, నిద్ర లేపుడు. ఆరుగురు జడ్జీలు విన్నరు. రాత్రి ఇంటి మీదికొచ్చుడు తప్పని అందరు ఒప్పుకున్నరు గానీ, వెంబడి కన్నేసి ఉంచుడు పర్వాలేదు, ప్రైవసీ మన దగ్గర హక్కే కాదు అన్నరు నలుగురు. మిగిలిన ఇద్దరు జడ్జీలు సుబ్బారావు, షా ఒప్పుకోలే. పోలీసు చూపుల కింద తిరిగేటోనికి దేశం మొత్తం జైలే అన్నడు సుబ్బారావు. ఆ ఓడిపోయిన మాట 2017ల, ప్రైవసీ ప్రాథమిక హక్కే అని తేల్చిన పుట్టస్వామి కేసుల, తొమ్మిదిమంది జడ్జీల నోట గెలిచింది. గెలిచినోళ్ల తీర్పు అందరు చదువుతరు, నువ్వు ఓడిపోయినోళ్లది సుత చదువు.

ఇగ ఆస్తి హక్కు. ‘1978ల రాజ్యాంగ 44వ సవరణతోని ప్రాథమిక హక్కు కాకుంట చేసిర్రు, ద్రోహం’ అని ఒక్క లైన్ల తేల్చినవ్. అంత తొందరెందుకు? అదే సుబ్బారావు 1967ల గోలక్‌నాథ్ కేసుల పార్లమెంటు ప్రాథమిక హక్కుల జోలికి పోవద్దన్నడు, సరే, కానీ ఆ కేసు ఏందో తెలుసా, పంజాబుల ఓ కుటుంబానికి ఉన్న 500 ఎకరాల ముచ్చట. నువ్వు పాలకుర్తికి గంటన్నర దూరంల కూసొని రాస్తున్నవ్. అక్కడ, తెలంగాణ సాయుధ పోరాటంల, చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన చేన్ల పంట ఎత్తుకపోతందుకు విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు వచ్చిర్రు, ఆమె ఇయ్యలే. ఆ వడ్లు ఆమె ఆస్తి కాదా? అంటే ఆస్తి హక్కు దొరదేనా, పంట పండించినామెది కాదా? నీ వ్యాసంల ఐలమ్మ, గోలక్‌నాథ్ ఇద్దరు ఎదురుబొదురు కూసోవాలె, అప్పుడు నీ సిద్ధాంతం నిలబడ్తదో లేదో నీకే తెలుస్తది. నాకైతే ఇప్పటిదాక పూర్తిగ తేలలే.

నేను కూడ తప్పులు రాసిన. ఒకసారి ‘రాజ్యాంగం 21వ అధికరణం, ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ ఇచ్చేది, పౌరులకు’ అని అచ్చేయించిన, హన్మకొండ అదాలత్ కాడ చాయ్ బండి దగ్గర ఒక పిటిషన్ రాసేటాయన ఆ పేపర్ మడిచి నా ముంగట పెట్టి, “సార్, 19 పౌరులకు, 21 మనిషన్నోనికి, పరదేశోడైనా సరే” అన్నడు. సిగ్గైంది. అప్పటిసంది అసలు పాఠం తెరువకుంట ఒక్క నంబరు రాయ.

ఖరక్ సింగ్ తీర్పు ప్రింట్ తీసి పెట్టిన, సుబ్బారావు భాగం కాడ నా పెన్సిల్ గీతలున్నయ్, పట్టించుకోకు. ఆదివారం మాపటీలి వచ్చి తీస్కపో, వచ్చేటప్పుడు అమ్మను అడిగినట్టు చెప్పు.

మీ అన్న