మధ్యాహ్నం కుళాయి దగ్గర తేనెటీగలు

ప్రశ్న: పొద్దున మునగ పూల మీద తిరిగే తేనెటీగలు మధ్యాహ్నానికి మా పెరటి కుళాయి కింద తడి మీద మూగుతున్నాయి. గిన్నెలు తోముకోనివ్వడం లేదు. మా ఆయన మందు కొట్టేద్దామంటున్నారు. పూలు వదిలేసి వీటికి కుళాయితో పనేంటండీ?
– ఒక పాఠకురాలు, నంద్యాల జిల్లా

జవాబు: ముందు ఆ మందు డబ్బా అటకెక్కించండమ్మా, తర్వాత మాట్లాడుకుందాం.

అవి తమ దాహం కోసమే రావడం లేదు, ఇంటికి నీళ్లు మోస్తున్నాయి. పట్టులో పిల్లపురుగులుండే చోట వేడి 34, 35 డిగ్రీల దగ్గర నిలవాలి. మీ ఊళ్లో ఏప్రిల్ ఎండ 40 దాటుతుంది కదా! అందుకే కొన్ని ఈగలు పూల పని మానేసి నీళ్ల పనిలో దిగుతాయి. తేనె మోసే సంచిలోనే నీళ్లు నింపుకుని వెళతాయి. లోపలి ఈగలు వాటిని గదుల మీద పలచగా పూసి రెక్కలతో విసురుతాయి. అచ్చం మన కూలరే.

మకరందంలోనే బోలెడు నీరుంటుంది కాబట్టి పూత బాగున్న రోజుల్లో విడిగా నీళ్లు తెచ్చుకునే అవసరం తక్కువ. పూత తగ్గి ఎండ ముదిరినప్పుడే మీ కుళాయి గుర్తొస్తుంది.

లోపల ఎన్ని నీళ్లు కావాలో బయట తిరిగే ఈగకెలా తెలుస్తుంది? నాకు మహా ముచ్చటైన సంగతి ఇదే. తెచ్చిన నీళ్లను అది లోపలి ఈగల నోటికి అందిస్తుంది. పట్టు ఉడికిపోతుంటే అవి ఎదురొచ్చి గబగబా తీసుకుంటాయి, ఇది మళ్లీ పరుగు తీస్తుంది. చల్లబడ్డాక తీసుకునే దిక్కుండదు, కాసేపు తచ్చాడి మానుకుంటుంది. 1950లలో మార్టిన్ లిండావర్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఇది కనిపెట్టాడు.

నా దగ్గర నాలుగు తేనెపెట్టెలున్నాయి. మొదటి వేసవిలో ప్లాస్టిక్ టబ్బు నిండా నీళ్లు పెట్టి ఘనకార్యం చేశాననుకున్నాను. సాయంత్రానికి గుప్పెడు ఈగలు చచ్చి తేలాయి. కాలు మోపే చోటు లేదు మరి. ఇప్పుడు వెడల్పాటి మట్టి మూకుడులో గులకరాళ్లు పోసి, వాటి తలలు మునగకుండా నీళ్లు పోస్తాను. అంచున తడి గోనెపట్టా వేస్తాను. దగ్గర కూర్చుని చూస్తే, ఈగ గోనెపోగుకి నాలుక ఆనించి కదలకుండా తాగుతుంటుంది. పొట్ట ఒక్కటే సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది. చెయ్యో కాలో పడి నలిగితే తప్ప అప్పుడు కుట్టదు.

మీరూ పెరటి చివర అలాంటి మూకుడు పెట్టి, కారే కుళాయికి వాషర్ మార్పించండి. కుళాయి కింద తడి ఆరాలి. మరిగిన చోటు అవి అంత తేలిగ్గా వదలవు, కొన్నాళ్లు ఓపిక పట్టాలి. ఈలోగా గిన్నెలు ఎండెక్కకముందే తోముకోండి. మూకుడు మాత్రం ఎండనివ్వకండి, ఎండిందా, మళ్లీ మీ కుళాయి దగ్గరికే.