‘పొట్టకు తగల్లేదు’ అని ఇంటికి వచ్చేశాం

ప్రశ్న: మా అమ్మాయికి ముప్పయ్యో వారం. నిన్న సాయంత్రం అల్లుడి బండి మీద వస్తుంటే స్పీడ్ బ్రేకర్ దగ్గర పక్కకు పడింది. మోకాలు చెక్కుకుపోయింది, పొట్టకు తగల్లేదంటోంది. ఆసుపత్రిలో స్కాన్ తీసి బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోంది అన్నారు. అయినా నాలుగు గంటలు ఉండమన్నారు, మోకాలికి ఎక్స్‌రే అన్నారు. బిల్లు కోసమేమో అనుకుని సంతకం పెట్టి వచ్చేశాం. రాత్రంతా టెన్షన్‌తో నిద్ర లేదు. అమ్మాయిది ఓ నెగెటివ్, అల్లుడిది బి పాజిటివ్. తప్పు చేశామా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ఇది పత్రిక అచ్చయ్యేదాకా ఆగే ప్రశ్న కాదు. అందుకే మీ మెసేజ్ చూడగానే ఫోన్ చేసి, అమ్మాయిని వెంటనే మళ్ళీ తీసుకెళ్ళమన్నాను. అలా ఎందుకన్నానో మిగతా ఇళ్ళల్లో కూడా తెలియాలని ఇక్కడ రాస్తున్నాను.

గర్భసంచి సాగుతుంది, దాని లోపల అంటుకుని బిడ్డకు రక్తం ద్వారా పోషణ అందించే మాయ (ప్లాసెంటా) సాగదు. పడ్డప్పుడు ఒళ్ళు ఒక్కసారి కుదుపుకు లోనైతే చాలు, పొట్టకు దెబ్బ తగలకపోయినా మాయ ఒక అంచున ఊడిపోవచ్చు. దాని వెనక చేరిన రక్తం చాలాసార్లు స్కాన్‌లో కనిపించదు. కొందరికి బయటికి చుక్క రక్తం కూడా రాదు. దాన్ని పట్టించేది సీటీజీ మిషన్. పొట్టకు రెండు బెల్టులు కట్టి, బిడ్డ గుండె వేగాన్ని, గర్భసంచి బిగుసుకోవడాన్ని కాగితం మీద గీస్తుంది. ఐదో నెల దాటాక కింద పడితే కనీసం నాలుగు గంటలు అలా చూడాలి. నొప్పులు గానీ రక్తం గానీ కనిపిస్తే ఒక రోజంతా ఉంచుతాం. మీ డాక్టర్లు అడిగింది సరైనదే.

ఇరవై ఏళ్ళ కిందట నేను జిల్లా ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న రోజు, మిర్చి కోతకు వెళ్తున్న ఆటో తిరగబడి ఆరుగురిని తెచ్చారు. వాళ్ళలో ఎనిమిదో నెల గర్భిణి ఒకామె నడిచే వచ్చింది. చెయ్యి విరిగినామె అరుస్తుంటే అందరం అటే చూశాం. ఈమె గోడకు ఆనుకుని కూర్చుని, “నడుం లాగుతాంది మేడం” అని మెల్లగా అంది. బీపీ 110/70 ఉంది. నాడి మాత్రం 120. పొట్ట మీద చెయ్యి వేస్తే చెక్కలా గట్టిగా తగిలింది, మాయ ఊడి లోపలే రక్తం పోతోందన్నమాట. ఆపరేషన్‌తో తల్లిని దక్కించుకున్నాం, బిడ్డ దక్కలేదు. గర్భిణి ఒంట్లో రక్తం మామూలు కంటే దాదాపు సగం ఎక్కువ ఉంటుంది. అందుకే చాలా రక్తం పోయేదాకా బీపీ పడిపోదు, మనిషి బాగున్నట్టే కనిపిస్తుంది. అప్పటినుంచి ప్రమాదం కేసులు వస్తే కడుపుతో ఉన్న మనిషి చెయ్యి ముందు పట్టుకుంటాను.

ఫోన్‌లో నేను ఎక్కువ తొందర పెట్టింది బ్లడ్ గ్రూపు గురించి. బిడ్డది పాజిటివ్ అయితే, ఇలాంటి కుదుపులో ఆ రక్తం కాస్త తల్లి రక్తంలో కలవొచ్చు. అప్పుడు తల్లి ఒంట్లో ఆ రక్తకణాల మీద దాడి చేసే యాంటీబాడీలు తయారై, ముఖ్యంగా తర్వాతి కాన్పులో బిడ్డకు ముప్పు తెస్తుంది. దాన్ని ఆపేది యాంటీ-డి ఇంజెక్షన్. 72 గంటల లోపు పడాలి. ఏడో నెలలో మామూలుగా ఇచ్చే డోసు పడి ఉన్నా, పడిపోయినప్పుడు మళ్ళీ ఇస్తారు. గడువు దాటిందని వదిలేయకండి, పది రోజుల లోపైనా కొంత మేలు చేస్తుంది.

ఎక్స్‌రే అంటే భయం వద్దు. మోకాలికి తీస్తే బిడ్డకు చేరే రేడియేషన్ దాదాపు ఏమీ ఉండదు. అవసరమైతే తలకు సీటీ స్కాన్ కూడా తీయించాలి. తల్లికి వైద్యం ఆలస్యమైతే బిడ్డకే ఎక్కువ నష్టం.

ఆ సాయంత్రమే ఇంజెక్షన్ పడిందని, సీటీజీ బాగుందని మీరు చెప్పాక నా మనసు కుదుటపడింది. ఇకముందు కదలికలు తగ్గినా, పొట్ట బిగుసుకుని వదలకపోయినా, రక్తం గానీ ఉమ్మనీరు గానీ కనిపించినా అర్ధరాత్రి అయినా 108కి ఫోన్ చేయండి. ఎన్నో నెలో, బ్లడ్ గ్రూపు ఏమిటో ముందే చెప్పండి. ఏఎన్ఎం ఇచ్చిన కార్డు చేతిలో పెట్టుకోండి. వెల్లకిలా పడుకోబెడితే పొట్ట బరువు వెనకున్న పెద్ద రక్తనాళాన్ని నొక్కేస్తుంది, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందేమోనని అనుమానం ఉంటే మాత్రం మీరు కదపకండి. 108 సిబ్బంది వచ్చి గట్టి పలక మీద పడుకోబెట్టి, ఆ పలకనే ఎడమ పక్కకు కాస్త వంచి తీసుకెళ్తారు.